పండ్ల సముద్రయానము



2020 వ సంవత్సరము జనవరి 30 వ తేదీన తాడిపత్రి రైలుస్టేషను నుండి యొక క్రొత్తబండి బయలుదేరినది. తాడిపత్రి నుండి నాపరాళ్లును, సిమెంటును పోవుట లోక మెరిగిన విషయమే. ఆనాడు పోయినవి అరటికాయలు. అనంతపురము, పులివెందుల ప్రాంతముల రైతులు పండించిన పచ్చికాయ సుమారు 900 టన్నులు, 43 ఉక్కుపెట్టెలలో సర్దబడి, ముంబయి చెంతనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవునకు ప్రయాణమయ్యెను. అచ్చట ఓడనెక్కి విదేశములకు పోవుటకై యీ యేర్పాటంతయు. అరటిపండు మన యిండ్లలో మూడవనాటికి మచ్చలుదేరి, యైదవనాటికి ఈగలపాలగును గదా! అట్టి సుకుమారమైన పదార్థము రైలునందు కొన్ని దినములు, రేవునందు కొన్ని దినములు, సముద్రముపై కొన్ని దినములు గడపి, తీరము చేరిననాడును పచ్చగనే యుండవలెననిన, అది యెట్లు సాధ్యమగునో తెలిసికొనవలెనని యెవరికి వేడుక పుట్టదు?

ఇది షావుకార్ల ప్రసంగము, స్త్రీల పత్రికలో దీనికేమి పని యని కొందరనుకొనవచ్చును. నాకట్లు తోచలేదు. పదార్థమును చెడకుండ నిలుపుట అనాదిగ మన చేతిపని. ఉప్పు, ఎండ, నూనె, బెల్లము - ఈ నాలుగింటితో మన పెద్దలు సంవత్సరమంతయు గడపిరి. వడియములు, ఒరుగులు, మాగాయ, తాండ్ర, చింతకాయతొక్కు, ఇవన్నియు కాలమును మోసగించుటకు స్త్రీలు పన్నిన యుపాయములే. శ్రీమద్రామాయణమున దశరథ మహారాజు దేహమును భరతుడు వచ్చునందాక తైలద్రోణియందుంచిరని వాల్మీకి చెప్పియున్నాడు. నూనె గాలిని దరిచేరనీయదను సంగతి పూర్వులకు తెలియును. (ఊరగాయ ప్రసంగములో నీ యుదాహరణము తెచ్చితినని మా అత్తగారు నన్ను మందలించిరి. కాని యుదాహరణము సరియైనదే.)

ఐతే యీ నాలుగు పద్ధతులందును ఒక లోపము కలదు. పదార్థము నిలుచును గాని దాని స్వరూపము నిలువదు. జాడీలోని మాగాయ మామిడికాయ కాదు, మామిడికాయ జ్ఞాపకము. చలి త్రోవ వేరు. చలి పండును మార్చదు, చంపదు, నిదానింపజేయును.

చెట్టునుండి కోసిన పండు నిర్జీవమైన దని మనము తలంతుము. అది పొరబాటు. కోసిన తరువాతను పండు శ్వాసించుచునే యుండును. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి, తనలోని పిండిని, తీపిని కొంచెము కొంచెముగ ఖర్చుచేసికొనుచు, బొగ్గుపులుసువాయువును, వేడిమిని బయటికి విడుచును. గడ్డిలో మాగవేసిన మామిడికాయలపై చేయి పెట్టిచూచిన వారికి ఆ వెచ్చదనము తెలియును. చెట్టు వేళ్లనుండి క్రొత్త ఆహారము వచ్చుట ఆగిపోయినది. ఉన్న నిలువతో బ్రతుకవలెను. నిలువ తరిగినకొలది పండు మాగును, మెత్తబడును, కుళ్లును. వేడి పది డిగ్రీలు పెరిగినచో ఈ శ్వాస రెండింతలు మూడింతలగును. మేనెలలో 42 డిగ్రీలు దాటుట మా రాజంపేటలో వింత గాదు. అట్టి యెండలో గంటసేపు పడియున్న కాయ, చల్లనిచోట అనేక గంటలు గడపవలసిన ఆయుస్సును ఆ గంటలోనే పోగొట్టుకొనును.

మరి యంత చలి మంచిదైనచో గడ్డకట్టునంతగ చల్లబరుపరాదా యందురేమో! రొయ్యలకు, మాంసమునకు అట్లే చేయుదురు. అవి ప్రాణములేని పదార్థములు గనుక సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో రాయివలె గడ్డకట్టించి పంపుదురు. పండునకు ఆ మర్యాద పనికిరాదు. ఉష్ణదేశపు పండ్లకు ఎక్కువ చలియే విషము. అరటికి 13, 14 డిగ్రీలు. బేనీషా మామిడికి ఇంచుమించు 13 డిగ్రీలు. అంతకన్న బాగుగ దిగినచో తొక్క వన్నెతప్పి బూడిదరంగు తిరుగును. పిమ్మట నెంత వెచ్చనిచోట నుంచినను సరిగ మాగదు. దానిమ్మకు 5 డిగ్రీలు చాలును. ఆపిలు, ద్రాక్ష మాత్రము సున్నదరినే సుఖపడును. కాబట్టి ఓడలో పండ్లను పంపుటయనగా మంచుగదిలో పడవేయుట గాదు. ఎవరి పథ్యము వారికి నడపుట. బాలింతకును, జ్వరపడినవానికిని ఒకే కుండలో వండిపెట్టుదుమా?

ఈ విద్య యెట్లు పుట్టినదో వినినచో ఆశ్చర్యము కలుగును. చలియంత్రములు పుట్టకమునుపే చలి ఓడలపై దేశాంతరములకు పోయినది. అమెరికాలోని బోస్టను నగరమున ఫ్రెడరిక్ ట్యూడరను వర్తకుడు చలికాలములో చెరువులపై గట్టిపడిన మంచును కోయించి, రంపపుపొట్టుతో కప్పి ఓడలకెత్తి యుష్ణదేశములకు పంపుచుండెను. 1833 లో ‘టస్కనీ’ యను ఓడ 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగునెలలు ప్రయాణము చేసి కలకత్తా చేరినది. దారిలో కరిగినది కరుగగా సుమారు 100 టన్నులు మిగిలెను. తరువాత మదరాసున కూడ ఆ మంచును నిలువజేయుటకు 1842 లో సముద్రపుటొడ్డున గుండ్రని కట్టడమును కట్టిరి. తరువాతి కాలమున యంత్రములతో ఇచ్చటనే మంచు చేయుట నేర్చినపిమ్మట ఆ వర్తకము చచ్చినది గాని కట్టడము నిలిచినది. స్వామి వివేకానందులు పడమటిదేశముల నుండి మరలివచ్చి 1897 లో బసచేసినది అచ్చటనే. నేడది వివేకానంద గృహమను పేర పూజ్యస్థలమైనను, ఆ పేటను నేటికిని ఐస్‌హౌస్ అనియే పిలుచుచున్నారు. మా యూరివారు వైద్యమునకో పెండ్లిచీరలకో రైలెక్కి చెన్నపట్టణము పోవునపుడు దాని ముందునుండి పోవుదురు గాని, అమెరికా చెరువునీరు అందులో గడ్డలై యుండెనని యెరిగినవారు కొద్దిమంది.

మంచును మోయుట వేరు, మంచుతో తిండిని మోయుట వేరు. 1873 లో ఆస్ట్రేలియానుండి లండనుకు మాంసమును మంచు, ఉప్పుల సాయమున పంపచూచిరి. తొట్లు కారిపోయి సరకంతయు పాడయ్యెను. 1876 లో షార్ల్ టెలియే అను ఫ్రెంచివాడు యంత్రపుచలితో ‘ఫ్రిగోరిఫిక్’ అను ఓడను దక్షిణ అమెరికాకు నడిపెను. అందరికిని నమ్మకము కుదిరించినది మాత్రము న్యూజిలాండునుండి 1882 ఫిబ్రవరి 15 న బయలుదేరిన ‘డునెడిన్’ అను తెరచాపల ఓడ. అందులో దాదాపు అయిదువేల గొర్రెల, గొర్రెపిల్లల మాంసపుదేహములు గలవు. ఓడను నడుపునది గాలి, చలిని పుట్టించునది ఆవిరియంత్రము. ఆ యంత్రపు పొగగొట్టమునుండి రేగిన నిప్పురవ్వలకు తెరచాపలంటుకొనుచుండెను. భూమధ్యరేఖ చెంత గాలి స్తంభించి ఓడ నిలిచిపోయెను. లోపలి చలిగాలి అన్ని మూలలకును సమముగ పోవుటలేదని గ్రహించి కెప్టెను స్వయముగ గాలిగొట్టములో దూరి క్రొత్తరంధ్రములు కోయబోయి, ఆ చలికి కొయ్యబారి స్మృతితప్పగా, తోడివారు కాళ్లకు త్రాడుకట్టి బయటికి లాగిరి. మీదను మంట, లోనను మంచు! 98 దినముల పిమ్మట లండను చేరి విప్పిచూడగా చెడినది ఒక్కటే దేహము.

మాంసపు ముచ్చట్లు మనలో కొందరికి రుచింపకపోవచ్చును. ఐనను నేనీ కథను విస్తరించుటకొక కారణము గలదు. అంతకుమునుపు న్యూజిలాండు రైతులకు గొర్రెయనిన ఉన్నియే. మాంసమును తినువారు చాలక, కొవ్వుకై ఉడికించి, మిగిలినదానిని పారవేయుచుండిరి. ఆ యొక్క ఓడ తరువాత పారవేసిన సరకునకు వెల వచ్చి, ఒక దేశముయొక్క బ్రతుకుతెరువే మారిపోయెను. కాపు విరగగాచిన సంవత్సరమున మా కోడూరు దారివెంట కుప్పలుగ కుళ్లు మామిడికాయలను చూచినపుడెల్ల నాకా ఓడ జ్ఞప్తికి వచ్చుచుండును.

ఈ విద్యకు మెరుగుపెట్టినవారిలో ఒక స్త్రీ గలదని చెప్పుటకు నాకు మిక్కిలి సంతోషముగ నున్నది. ఆమె పేరు మేరీ పెన్నింగ్టను, 1872 లో అమెరికాలో పుట్టినది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము పూర్తిగ చదివినను, స్త్రీ యను కారణమున 1892 లో పట్టము నీయక యోగ్యతాపత్రము మాత్రమిచ్చి పంపిరి. ఆమె యూరకుండక 1895 లో డాక్టరు పట్టమునే సంపాదించెను. సర్కారు ఉద్యోగపు పరీక్షకు తన పూర్తిపేరు వ్రాయక మొదటి అక్షరములు మాత్రమే వ్రాసి, స్త్రీయని తెలియకముందే ఉత్తీర్ణురాలై, 1908 లో ఆహార పరిశోధనశాలకు అధికారిణి యయ్యెను. పాలు, గ్రుడ్లు, కోడిమాంసము ఎంత చలిలో నెంతకాలము నిర్దోషముగ నుండునో తేల్చినది ఆమెయే. మొదటి ప్రపంచయుద్ధ కాలమున మంచుబండ్లతో గూడ తానును రైలులో తిరిగి, ఏ మూలను గాలి యాడుటలేదో, ఏ మూలను వేడి నిలిచిపోవుచున్నదో కొలిచి చూచినది. చలి పుట్టించినచాలదు, అది ప్రతి పెట్టె చుట్టును తిరుగవలెనని ఆమె నిర్ణయము. డునెడిన్ ఓడ కెప్టెను ప్రాణముమీదికి తెచ్చుకొని నేర్చిన పాఠమును ఆమె శాస్త్రముగ వ్రాసిపెట్టినది.

నేటి ఓడల చలిపెట్టె ఆ శాస్త్రమునకు రూపము. దీనిని వర్తకులు రీఫరు అందురు. నలుబది అడుగుల పొడవుగల ఉక్కుపెట్టె, గోడలలో వేడిని చొరనీయని దళసరి నురుగుపలక, ఒక కొసను తలుపులు, రెండవ కొసను చలియంత్రము. నేల సమతలముగ నుండదు, పొడుగునను చాళ్లు తీర్చియుందురు. యంత్రము చల్లనిగాలిని క్రిందనుండి ఆ చాళ్లలోనికి తోయును. అది పండ్లపెట్టెల రంధ్రములగుండ పైకెక్కి, పండ్లు విడిచిన వేడిని దీసికొని, కప్పుక్రిందుగ మరల యంత్రమును చేరును. అందుచేత అట్టపెట్టెలను పేర్చుటయు నొక విద్యయే. రంధ్రమునకు రంధ్రము సరిపోవలెను. గోడపై గీచిన ఎర్రగీతకు మించి పేర్చరాదు. గీతదాటినచో గాలి మరలుటకు త్రోవలేక వెనుకవరుసలు ఉడికిపోవును. లోపల గడియగడియకు ఎంత చలియున్నదో తనంతట తానే వ్రాసికొను యంత్రమొకటి యుండును. తీరము చేరిన తరువాత ‘మేము సరిగనే తెచ్చితిమి’ అను మాట చెల్లదు, ఆ లెక్క చూపవలెను.

ఓడపైనను, రేవునందును ఈ పెట్టెలకు కరెంటు తీగ తగిలింపవలెను. దారిలో లారీకి డీజిలుయంత్రము కట్టుదురు. కరెంటు నిలిచినచో చలి నిలిచినట్లే. 2020 ఫిబ్రవరిలో మహమ్మారివలన చైనా రేవులలో కూలీలు లేక సరకు కదలనపుడు, షాంఘై వంటి మహానగరమున గూడ పెట్టెలకు తగిలించుటకు కరెంటు చోట్లు చాలక ఓడలను వేరురేవులకు మరలించిరి. 2023 చివరినుండి ఎర్రసముద్రమున ఓడలపై దాడులు మొదలుకాగా, ఐరోపాకు పోవు నౌకలనేకము సూయెజు కాలువను విడిచి ఆఫ్రికా దక్షిణపుకొన చుట్టి పోవలసివచ్చి, ఒక్కొక్క ప్రయాణము పదిదినములకు పైగా పెరిగెను. మా పొరుగుననున్న మంగంపేట ముగ్గురాయి యైనచో ఓడలో నెల యాలస్యమైనను నష్టము లేదు. అది కోట్ల సంవత్సరములు భూమిలో ఓపికపట్టినది. పండునకు అంత ఓపిక యెక్కడిది?

ఇన్ని చెప్పితిని గాని, అసలు కష్టము సముద్రముపై లేదు. ఇదియే నేను ముఖ్యముగ చెప్పదలచిన మాట. రీఫరు పెట్టె చల్లగ వచ్చిన పండును చల్లగ నుంచును. వెచ్చగ వచ్చిన పండును త్వరగ చల్లబరచు శక్తి దానికి లేదు. తోటవేడితో కాయలను నేరుగ పెట్టెలోనికెక్కించినచో, లోపలివరుసలు చల్లబడుటకు కొన్ని దినములు పట్టును. ఆలోగా ఆ కాయలు మాగుటకు ఉపక్రమించి, మాగుపండు విడుచు ఇథిలీను వాయువుచేత తక్కిన కాయలను గూడ మాగించును. ఒక్క మాగినకాయ పెట్టెనంతను చెరుచును. కాబట్టి తోటలో కోసిన కొద్దిగంటలలో కాయను కడిగి, ఏరి, చల్లనిగదిలోనుంచి, లోపలివేడి తీసిన తరువాతనే పెట్టెకెక్కింపవలెను. చెట్టుకును ఆ చల్లనిగదికిని నడుమనున్న నాలుగైదు గంటలే ముప్పదిదినముల సముద్రయానమును నిర్ణయించును.

మా రాజంపేటనుండి తిరుపతివైపు రైలుదారిన పోయినచో పుల్లంపేట, ఓబులవారిపల్లె దాటగానే కోడూరు. ఎర్రమన్ను, మామిడి, అరటి, బొప్పాయి తోటలు. చెంతనే అనంతరాజుపేటలో ఉద్యానవిద్యాలయపు కళాశాల, పరిశోధనశాల. విద్యకు కొరతలేదు, నేలకు కొరతలేదు. ఓబులవారిపల్లెనుండి కృష్ణపట్నము రేవునకు పోవుటకు వెలిగొండలను దొలిచి ఆరున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగముతో క్రొత్తరైలుదారి వేసిరి. 2019 సెప్టెంబరున దానిని ప్రారంభించిరి. రేవు నూరు కిలోమీటర్ల చిల్లర దూరములోనికి వచ్చినది. ఐనను ఆ దారి ముఖ్యముగ బొగ్గుకు, ఖనిజములకు నుద్దేశించినది. అరటికాయ తూర్పున దగ్గరనున్న సముద్రమును విడిచి పడమరనున్న ముంబయికేల పోయెనని నేను మావారినడుగగా భూగోళపటము తెచ్చి చూపిరి. గల్ఫుదేశములు పడమర నున్నవి. తూర్పురేవులనుండి పోవు ఓడ లంకను చుట్టిపోవలెను. ముంబయినుండియైనచో దుబాయి కొద్దిదినముల ప్రయాణమే. మాగుచున్న సరకునకు, రైలులో రెండుదినము లెక్కువైనను, ఓడలో తగ్గిన దినములు లాభము.

ఒక వేసవిని కోడూరులో చుట్టముల యింట నుండగా, తోటగల యొక యిల్లాలితో మాటలాడితిని. ఆమె యనిన మాట యిది: “అయ్యోరమ్మా, కాయ చెట్టుమీద ఉన్నంతవరకే మాది. కోసినంక అది ఎండది, లారీది, మండీది.” పంట విరివిగ వచ్చిన సంవత్సరమున కాయలబండ్లు మండీముందు బారులుతీరి ఎండలో నిలుచును. సాయంకాలమునకు కాయ పసుపుతిరుగును. ఆమాటకొచ్చి బేరగాడు వెల సగముచేయును. మరునాటికి నిలుపుకొందమన్న చల్లనిచోటు లేదు. తెచ్చినబండిని మరల తీసికొనిపోవుటకు బాడుగ దండుగ. చెప్పిన వెలకే ఇచ్చివేయవలెను. కాబట్టి చల్లనిగదియనగా పండును నిలుపునది మాత్రమే కాదు, రైతుకు ‘ఈ వెలకు నేనమ్మను’ అను మాట యనుటకు రెండుదినముల గడువునిచ్చునది. ఓడలమాట యటుండనిండు, ఈ గడువే మొదటిలాభమని నాకు తోచుచున్నది.

అరటి పోయినంత సులువుగ మామిడి యేల పోదు? ప్రపంచమున మామిడి పండించుటలో భారతదేశమే మొదటిది. ఓడనెక్కునది అందులో స్వల్పభాగము. అరటిని పచ్చిగనే కోసి పంపి, చేరినచోట ఇథిలీను వాయువుతో నొక్కసారిగ మాగింతురు. గెలలోని కాయలన్నియు ఇంచుమించు ఒక యీడువి. మామిడి యట్లు గాదు. ఒకే కొమ్మపై ముదిరినకాయ, లేతకాయ యుండును. లేతది మాగక వడలును, ముదిరినది దారిలోనే మాగును. తొడిమ త్రుంచగానే కారు జీడి సోకినచోట తొక్క నల్లబడును. అందుచే తొడిమతో కోసి, నీడలో తలక్రిందులుగ నిలిపి జీడి కార్చవలెను. దీనిపై పండుఈగ భయము. పిల్లపురుగు ఒక్క పండులో కనబడినను పరదేశమువారు సరకునంతను త్రోసివేయుదురు. 2014 లో ఐరోపావారు మన మామిడిని నిషేధించి, మరుసటి సంవత్సరము మొదట నిషేధమెత్తివేసిరి. వారికి వేడినీటిలో ముంచిన పండు, జపానువారికి ఆవిరిపట్టిన పండు, అమెరికావారికి కిరణములు సోకించిన పండు కావలెను. ఒక్కొక్క యింటి కొక్కొక్క మడి! ఇన్ని తంటాలు పడిన పిమ్మట విమానమునెక్కించినచో పండువెలకన్న బాడుగయే మించును. 2022 లో ముంబయినుండి ఓడపై ఇంచుమించు ఇరువదియైదు దినములలో మామిడిని అమెరికాకు చేర్చిచూచిరి. అది నిలుకడగ సాగినచో సామాన్యులకును మన పండు అందుబాటులోనికి వచ్చును. మన బంగినపల్లికి 2017 లో భౌగోళికపు గుర్తింపు లభించినది. పేరున్నది, రుచియున్నది, దారి మాత్రము ఇంకను చల్లబడవలసియున్నది.

ఈ పనిలో స్త్రీల చేయి ఎంతయున్నదో చెప్పకున్న అన్యాయమగును. కాయల నేరుట, తుడుచుట, తూచి పెట్టెలోపేర్చుట, ఇవి మా ప్రాంతమున చాలవరకు ఆడకూలీల పనులు. కోస్తాజిల్లాల రొయ్యల కార్ఖానాలలో తలదీయుట, ఒలుచుట చేయువారును విస్తారముగ స్త్రీలే. తెల్లవార్లు మంచునీటిలో చేతులుంచి పనిచేయుదురు. 2023-24 లో మన దేశమునుండి పోయిన గడ్డకట్టిన రొయ్యలు ఏడులక్షల టన్నులు దాటినవి. అందులో ఆంధ్రదేశపుభాగము మిక్కిలి పెద్దది. 2025 ఆగస్టులో అమెరికావారు మన సరకులపై సుంకమును నూటికి ఏబదికి పెంచినపుడు, ఎగుమతివర్తకుల నష్టమునుగూర్చి పత్రికలు విరివిగ వ్రాసినవి. ఒలుచు చేతులకు ఎన్నిదినముల పని తప్పెనో వ్రాసినవారు తక్కువ. కోడూరు పెట్టెలయిండ్లలోను నేను చూచినది ఇదే. నొక్కకయే చూపుతో కాయ యీడును చెప్పగల యామెకు దినకూలి. ఆ పెట్టెపై అచ్చుగుద్దినవానికి నెలజీతము! కాయను నొక్కిచూచినచోటనే వారముదినములకు మచ్చ తేలును గనుక, ఆమె కన్ను ఓడయంత్రమునకు తీసిపోని విలువగలది. ఆ పనిని నేర్పుపని యని లెక్కించి కూలికట్టవలెనని నా యభిప్రాయము.

ఇక మన వంటయిండ్ల మాట. ఇంటిలోని రిఫ్రిజిరేటరు చిన్న రీఫరే గనుక ఓడవారు నష్టపడి నేర్చిన సంగతులు మనకును పనికివచ్చును. అందులో సందులేకుండ గిన్నెలు క్రుక్కరాదు. గాలి తిరుగనిచోట చలియుండదు. పొయ్యిపైనుండి దింపిన పాలను, పప్పును వేడితోనే లోపల పెట్టరాదు. తక్కిన పదార్థములును వెచ్చబడును. అట్లని రాత్రియంతయు బయటను విడువరాదు. వెడల్పుపళ్లెములో పోసి త్వరగ చల్లార్చి పెట్టవలెను. అరటిపండ్లు, పచ్చి మామిడికాయలు, బంగాళాదుంపలు లోపలనుంచవలసినవి కావు. మామిడి బయటనే మాగి, వాసన వచ్చిన తరువాత రెండుమూడు దినములు నిలుపుకొనుటకు లోపలపెట్టవచ్చును. తెలియక పిల్లలెవరైన అరటిపండ్లను లోపలపెట్టి తొక్క నల్లబడినచో పారవేయకుడు. లోపలి పండు చాలవరకు బాగుగనే యుండును. పాలలో చిదిపి బెల్లముతో పసివారికి పెట్టవచ్చును. మాగిన పండ్లను ఆకుకూరలచెంత నుంచినచో ఆకులు త్వరగ పసుపుతిరుగును. ఒకసారి గడ్డవిడిచి మెత్తబడిన రొయ్యలను, మాంసమును మరల గడ్డకట్టింపరాదు.

మాగవేయుటను గూర్చి యొకమాట. గడ్డిలో కప్పినను, బియ్యపుబానలో పూడ్చినను, పండు విడుచు వాయువు పోకుండ నిలుపుటయే అందలి కిటుకు. తొందరగనున్నచో పచ్చికాయల నడుమ ఒక మాగిన అరటిపండునుంచి గోనెతో కప్పినచాలును. కార్బైడుతో మాగించిన కాయలను కొనకుడు. మన దేశమున అది చట్టముచే నిషిద్ధము. అట్టి కాయకు పైన పసుపువన్నె వచ్చినను, ముచ్చికచెంత వాసన యుండదు, కోసినచో టెంకదగ్గర పులుపుగను గట్టిగను నుండును. మండీలో కొనునపుడు రంగునుజూచి మురియక, తొడిమదగ్గర ముక్కుపెట్టి చూడవలెను. అమ్మువాడు విసుగుకొనినను సరే.